ఎండసీమలో మల్టిపుల్ స్క్లెరోసిస్

వైద్య గ్రంథాలు వందేళ్లకు పైగా మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను చలిదేశాల జబ్బుగా వర్ణిస్తూ వచ్చాయి. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే వైద్యుడు 1868లో ఈ రోగాన్ని విడిగా గుర్తించి, మెదడులోనూ వెన్నుపాములోనూ అక్కడక్కడ గట్టిపడిన మచ్చలే దీని ఆనవాలని చూపినప్పటి నుంచి, రోగుల లెక్క ఎక్కువగా ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ జరిగింది. భూమధ్యరేఖకు దూరం పెరిగే కొద్దీ రోగుల సంఖ్య పెరుగుతున్నట్టు ఆ లెక్కల్లో తేలింది. దాని ప్రకారం చూస్తే, ఉత్తర అక్షాంశం 15 డిగ్రీల వద్ద ఉండి, వేసవిలో 40 డిగ్రీల వేడికి అలవాటుపడిన బళ్ళారి సీమలో ఈ జబ్బు ఊసే ఉండకూడదు. ఈ అభిప్రాయంలో కొంత నిజం ఉంది గాని, మిగిలినదంతా చూసే సాధనం లేకపోవడం వల్ల ఏర్పడినదే. ఎం.ఆర్.ఐ. యంత్రం లేని రోజుల్లో బతికున్న మనిషి మెదడులోని మచ్చను చూడడానికి దారి లేదు కాబట్టి, గుర్తుపట్టలేకపోయిన జబ్బు కాస్తా లేని జబ్బుగా చలామణి అయింది.

భారతదేశంలో ఈ నమ్మకాన్ని కదిలించిన తొలి పనుల్లో ముంబయి నాడీవైద్యుడు నోషిర్ వాడియా పార్సీలపై జరిపిన అధ్యయనం ఒకటి. 1990లో వెలువడిన ఆ పరిశీలన ముంబయి పార్సీలలో లక్షకు 20 మందికి పైగా రోగులున్నారని చెప్పినా, పార్సీలు ఇరాన్ నుంచి వచ్చి తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమాజం కాబట్టి, దాన్ని మినహాయింపుగా చూసినవారే ఎక్కువ. కర్ణాటకలోని మంగళూరులో లేఖా పండిట్ బృందం చేసిన గణన అలా పక్కకు నెట్టదగినది కాదు. బళ్ళారికన్నా మరో రెండు డిగ్రీలు దక్షిణాన ఉన్న ఆ ఊళ్లో, అన్ని మతాల, కులాల సాధారణ జనంలో, లక్షకు 8 మందికి కాస్త పైగా మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు కనిపించారు. ఉత్తర ఐరోపాలో ఈ సంఖ్య చాలాచోట్ల వంద దాటుతుంది కాబట్టి ఇక్కడ జబ్బు అరుదన్న మాట నిలుస్తుంది. అసలు లేదన్న మాట మాత్రం నిలవదు. 2011 జనగణన నాటికి అవిభక్త బళ్ళారి జిల్లా జనాభా 24 లక్షలకు పైగా ఉంది. మంగళూరు నిష్పత్తిని దీనికి వర్తింపజేస్తే జిల్లాలో సుమారు 200 మంది రోగులు ఉండాలి. పట్టణంలో తీసిన లెక్కను పల్లెలు ఎక్కువగా ఉన్న జిల్లాకు అన్వయించడం ఉజ్జాయింపే తప్ప గణన కాదు. అయినా వందల్లో రోగులుండవచ్చన్న ఊహకు ఆధారం ఉంది. ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, రోగుల్లో మగవారి కంటే ఆడవారు ఎక్కువ.

జబ్బు తీరు అర్థం కావడానికి నరం నిర్మాణాన్ని కొంత దగ్గరగా చూడాలి. మెదడు నుంచి బయలుదేరే నాడీతంతువు చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర అనేక చుట్లుగా అల్లుకుని ఉంటుంది. ఆ పొర ఏకధాటిగా కాక, ఒక్కో మిల్లీమీటరుకో అంతకన్నా దగ్గరగానో, మిల్లీమీటరులో వెయ్యోవంతు మాత్రమే ఉండే ఖాళీలను వదులుతూ సాగుతుంది. సోడియం అయాన్లను లోపలికి వదిలే సూక్ష్మద్వారాలు ఈ ఖాళీల్లోనే గుమిగూడి ఉండడం వల్ల, విద్యుత్ సంకేతం తంతువంతటా పాకనవసరం లేకుండా ఖాళీ నుంచి ఖాళీకి దూకుతూ పోతుంది. మైలిన్ ఉన్న పెద్ద తంతువులో సంకేత వేగం సెకనుకు వంద మీటర్ల దాకా ఉంటే, మైలిన్ లేని సన్నని తంతువులో ఒక మీటరు దగ్గరే ఆగుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే రక్తనాళాల గోడలు దాటి మెదడులోకి చేరి, మైలిన్‌ను, దాన్ని తయారుచేసే కణాలను దెబ్బతీస్తాయి. దాడి జరిగిన చోటును బట్టి ఒక కంటి చూపు మసకబారడం, కాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి లక్షణాలు వచ్చి, కొన్ని వారాల్లో సర్దుకుని, నెలలకో ఏళ్లకో తిరగబెడతాయి. కొందరిలో ఈ తిరగబెట్టడం ఆగిపోయి, పైకి దాడి కనిపించకుండానే వైకల్యం కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది.

ఎండసీమకు ప్రత్యేకంగా వర్తించే సంగతి ఒకటి ఇక్కడే ఉంది. జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లో, ఈ రోగుల్లో కొందరికి శ్రమపడి నడిచాక చూపు మందగించి, కాసేపు విశ్రాంతి తీసుకోగానే తిరిగి వస్తోందని రాశాడు. ఆయన కారణాన్ని శ్రమకు ఆపాదించాడు. అసలు కారణం ఒంట్లో పెరిగిన వేడి అని తర్వాతివారు నిర్ధారించారు. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు సోడియం ద్వారాలు మరింత త్వరగా మూసుకుంటాయి; సంకేతం బలం తగ్గుతుంది; నిండు మైలిన్ ఉన్న నరానికి ఆ తగ్గుదల లెక్కలోనిది కాదు, కాని పొర ఊడిన నరంలో అది సంకేతాన్ని పూర్తిగా ఆపేయడానికి చాలు. ఒకప్పుడు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు ముదిరితే రోగం ఇదేనని నిర్ణయించేవారు. బళ్ళారిలో మే నెల మధ్యాహ్నం ఆ తొట్టి అక్కర లేకుండానే అదే పని చేస్తుంది. మిట్టమధ్యాహ్నం బస్టాండు నుంచి ఇంటికి నడిచిన రోగికి కళ్లు మసకబారి, కాళ్లు తేలిపోయినంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు; నీడపట్టున, తడిగుడ్డతో ఒళ్లు చల్లబడితే అది పోతుంది, నరానికి కొత్త నష్టమేదీ జరగదు. ఈ తేడా తెలియని చోట ప్రతి వేసవిలోనూ రోగికి అనవసరంగా స్టీరాయిడ్ సూదులు పడే ప్రమాదం ఉంది. చలిదేశాల కోసం రాసిన చికిత్సా సూచికల్లో ఈ విషయం ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. తుంగభద్ర ఆయకట్టులో వరినాట్లు వేసే రోగికి అదే ముఖ్యమైన అధ్యాయం.

రెండు కాళ్లూ పడిపోతున్నాయని వచ్చిన మనిషిలో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను వెతకడం ఈ ప్రాంతంలో అంత తేలిక కాదు, ఎందుకంటే అదే లక్షణాన్ని చూపే జబ్బులు ఇక్కడ చాలా ఉన్నాయి. అనంతపురం, బళ్ళారి జిల్లాల బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు మించి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారి వెన్నెముక ఎముకలు మందమై, నడిమి సొరంగం ఇరుకై, వెన్నుపాము నలిగిపోతుంది. తెలుగు నేలపై ఈ ఫ్లోరోసిస్ నాడీరోగాన్ని దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి రచనలు ఇప్పటికీ ప్రామాణికాలు. వెన్నెముకకు సోకిన క్షయ, బి12 విటమిన్ లోపం కూడా కాళ్లనే ముందుగా పడగొడతాయి. ఇవన్నీ కావని తేలాక గాని మైలిన్ జబ్బుల వైపు చూపు మళ్లదు. మళ్లినా అక్కడ మరో చిక్కు ఎదురవుతుంది.

ఆ చిక్కు పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా. కంటి నరాన్నీ వెన్నుపామునూ ఎంచుకుని దెబ్బతీసే ఈ రోగాన్ని ఫ్రెంచి వైద్యుడు డెవిక్ 1894లో వర్ణించినా, చాలాకాలం దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్‌లోని ఆసియా రకంగా భావించారు. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన వాండా లెనన్ బృందం 2004లో ఈ రోగుల రక్తంలో ప్రత్యేకమైన ప్రతిరక్షకాన్ని, అంటే శరీరం తనకు హాని చేసే వస్తువుపై ప్రయోగించవలసిన ప్రొటీన్‌ను, పట్టుకోవడంతో రెండూ వేర్వేరని రుజువైంది. ఆ ప్రతిరక్షకం గురి మైలిన్ కాదు. నాడీకణాలకు ఊతంగా ఉండే నక్షత్రాకార కణాల గోడల్లో నీటిని అటూఇటూ పంపే ఆక్వాపోరిన్-4 అనే ద్వారం. ఈ జబ్బులో వెన్నుపాము మచ్చ సాధారణంగా మూడు, అంతకు మించిన వెన్నుపూసల పొడవునా సాగుతుంది. మెదడు కాండంలోని వాంతి కేంద్రం దెబ్బతింటే రోజుల తరబడి ఆగని ఎక్కిళ్లు, వాంతులు వస్తాయి. ఎక్కిళ్లు ఆగడం లేదని వచ్చిన మనిషికి కడుపు పరీక్షలన్నీ చేసి, నెల తర్వాత కాళ్లు పడిపోయినప్పుడు గాని అసలు సంగతి బయటపడకపోవడం ఈ రోగుల చరిత్రల్లో తరచుగా కనిపించే విషయం. తెల్లవారితో పోలిస్తే ఆసియా జనంలో మైలిన్ జబ్బుల మొత్తంలో దీని వాటా ఎక్కువ. మంగళూరు గణనలో ఇది లక్షకు ఇద్దరు ముగ్గురిలో కనిపించింది. పేరు సరిగ్గా పెట్టడం ఇక్కడ పాండిత్యం కోసం కాదు: మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మేలు చేసే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ మందులు ఈ జబ్బును ముదిరేలా చేస్తాయి. కాబట్టి బళ్ళారి రోగి విషయంలో ఏ కొత్త మందు వాడాలన్న ప్రశ్న కంటే, కణాల మీద చేసే ఆక్వాపోరిన్ రక్తపరీక్ష మొదటి నెలలోనే జరిగిందా అన్న ప్రశ్న బరువైనది.

న్యూరోమైలైటిస్ మీద జరిగిన ప్రయోగాలు ఔషధ శాస్త్రంలో అరుదైన విజయాలు. 2019లో వెలువడిన ప్రయోగంలో ఎక్యులిజుమాబ్ తీసుకున్నవారిలో 3 శాతం మందికే రోగం తిరగబెట్టగా, ప్లసీబో, అంటే మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో 43 శాతం మందికి తిరగబెట్టింది. ఆ మందు ప్రపంచంలో అత్యంత ఖరీదైనవాటిలో ఒకటి కాబట్టి, ఈ అంకెలు భారతీయ రోగుల్లో ఎక్కువమందికి చదువుకోవడానికి మాత్రమే పనికివస్తాయి. అంతగా ప్రచారం పొందని జపాన్ ప్రయోగం వారికి ఎక్కువ దగ్గరిది. 2020లో వెలువడిన ఆ పరిశీలనలో 38 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రిటుక్సిమాబ్, మరో జట్టుకు ప్లసీబో ఇచ్చి 72 వారాలు చూశారు. ప్లసీబో జట్టులోని 19 మందిలో ఏడుగురికి రోగం తిరగబెట్టింది, రిటుక్సిమాబ్ జట్టులో ఒక్కరికీ తిరగబెట్టలేదు. 1997లో లింఫోమా అనే రక్తకాన్సరు కోసం వచ్చిన ఈ మందు, ప్రతిరక్షకాల తయారీకి మూలమైన బి కణాలను రక్తం నుంచి తుడిచిపెడుతుంది. దీనికి ప్రపంచంలో మొట్టమొదటి బయోసిమిలర్‌ను, అంటే జీవకణాల్లో పెంచి తీసిన మందుకు దాదాపు సరిసమానమైన ప్రతిరూపాన్ని, 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చినది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్. కాన్సరు కోసం చవకగా తయారైన ఆ సీసాయే ఇప్పుడు భారతదేశపు నాడీవైద్య విభాగాల్లో మైలిన్ జబ్బులకు ప్రధానాధారం.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రిటుక్సిమాబ్ కథ కొంత వింతగా నడిచింది. 2008లో 104 మందిపై జరిగిన రెండో దశ ప్రయోగంలో అది చక్కగా పనిచేసినా, తయారీ సంస్థ ఆ తర్వాతి భారీ ప్రయోగాలను దానికి దగ్గరి చుట్టమైన ఓక్రెలిజుమాబ్ అనే కొత్త మందుతో నడిపింది. పాత మందు పేటెంటు గడువు చివరికి వస్తున్న కాలమది. 2017లో ఓక్రెలిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది, దానితో పాటే పెద్ద ధర కూడా వచ్చింది. పాత మందును ఎవరూ పరీక్షించకపోతే అది పనిచేయదని కాదు, రుజువు లేదని మాత్రమే అర్థం. ఆ రుజువును లాభాపేక్ష లేని ప్రభుత్వ పరిశోధకులు తెచ్చారు: స్వీడన్‌లో 200 మందిపై జరిగి 2022లో వెలువడిన ప్రయోగంలో రెండేళ్లలో రిటుక్సిమాబ్ జట్టులో 3 శాతం మందికి, డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రల జట్టులో 16 శాతం మందికి రోగం తిరగబెట్టింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మొదటిసారి చోటిస్తూ రిటుక్సిమాబ్, క్లాడ్రిబిన్, గ్లాటిరమర్ అసిటేట్‌లను చేర్చింది. ఈ చివరి దాని జనరిక్ రూపానికి 2017లో అమెరికా అనుమతి సాధించిన మైలాన్ సంస్థకు తోడు నిలిచినది కూడా హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మానే. రిటుక్సిమాబ్‌నూ ఓక్రెలిజుమాబ్‌నూ ముఖాముఖి పోల్చే ప్రయోగాలు డెన్మార్క్, నార్వేలలో చేపట్టారు. చవక మందు ఖరీదైన దానికి తీసిపోదని వాటిలో తేలితే, ఆ ఫలితం వల్ల అందరికన్నా ఎక్కువగా లాభపడేది ఆ ప్రయోగాల్లో పేరు లేని దేశాల రోగులే. అయితే బి కణాలు లేని శరీరంలో దాగి ఉన్న హెపటైటిస్-బి వైరస్ విజృంభించవచ్చు. ఆ వైరస్ పరీక్షతో పాటు, క్షయ విస్తారంగా ఉన్న నేలపై క్షయ పరీక్ష కూడా ముందే చేయించాలి. స్కాండినేవియా ప్రయోగాలు భారతదేశం తరఫున జవాబు చెప్పలేని విషయం ఇదొక్కటే కాదు గాని, ముఖ్యమైనది ఇదే.

జబ్బు ఎందుకు మొదలవుతుందన్న పరిశోధనలోనూ ఇలాంటి వెలితే ఉంది. 2022 జనవరిలో హార్వర్డ్ పరిశోధకులు అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువజనుల రక్తనమూనాల నిల్వలను శోధించి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతోందని చూపారు. ఈ వైరస్ ప్రపంచంలో దాదాపు అందరికీ సోకేదే. పాశ్చాత్య దేశాల్లో చాలామందికి కౌమారంలో, జ్వరంతోనూ గొంతువాపుతోనూ సోకుతుంది. భారతదేశంలో ఎక్కువగా చిన్నతనంలోనే, ఎవరూ గమనించకుండా వచ్చిపోతుంది. ఆలస్యంగా సోకినప్పుడే ముప్పు పెరుగుతుందనుకుంటే, ఇక్కడ జబ్బు అరుదుగా ఉండడానికి ఎండ కన్నా పసితనపు ఇన్ఫెక్షనే మెరుగైన వివరణ కావచ్చు. ఇది ఇంకా ఊహ దశలోనే ఉంది. ఎండ వాదానికి తెలుగు నేలపైనే ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఎండ వల్ల చర్మంలో తయారయ్యే డి విటమినే రక్షణ అయితే, అది ఇక్కడివారిలో సమృద్ధిగా ఉండాలి; కాని తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం దక్షిణ భారత ఆరోగ్యవంతుల్లోనే ఆ విటమిన్ లోపం విస్తృతంగా ఉందని తేల్చింది. ఇక చికిత్సగా దాని విలువ గురించి ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు: 2025లో వెలువడిన ఫ్రెంచి ప్రయోగంలో తొలిదశ రోగులకు రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇస్తే జబ్బు చురుకుదనం కొంత తగ్గింది, అంతకు ముందు 2023లో వచ్చిన అమెరికా ప్రయోగంలో మాత్రం ఏ తేడా కనిపించలేదు.

వైకల్యం మెల్లగా పెరిగే రెండో దశ విషయంలో ఆశ, నిరాశ పక్కపక్కనే నడుస్తున్నాయి. రక్తంలోని బి కణాలను తుడిచే మందులు మెదడులోపలే స్థిరపడిన మైక్రోగ్లియా అనే రక్షక కణాలను చేరలేవు. వాటిని చేరేలా తయారైన టోలెబ్రుటినిబ్ మాత్ర 1,131 మందిపై జరిగిన ప్రయోగంలో వైకల్యం ముదిరే ముప్పును 31 శాతం తగ్గించిందని 2025లో ప్రచురితమైంది. కొందరిలో కాలేయానికి హాని కూడా చేసింది. సిమ్వాస్టాటిన్ చరిత్ర దీనికి తలకిందులు. కొలెస్ట్రాల్ తగ్గించే ఈ చవక మాత్ర 2014లో 140 మందిపై జరిగిన ప్రయోగంలో మెదడు కుంచించుకుపోయే వేగాన్ని 43 శాతం తగ్గించి ఎన్నో ఆశలు రేపింది. 964 మందితో జరిగిన మూడో దశ ప్రయోగంలో వైకల్యంపై దాని ప్రభావమేమీ లేదని తేలింది. చిన్న ప్రయోగం మీద వచ్చిన పత్రికా శీర్షికను చూసి మందుల దుకాణానికి పరుగెత్తడం ఎందుకు తగదో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఊడిన మైలిన్‌ను తిరిగి అల్లించే ప్రయత్నాల్లో మరో పాత మాత్ర ముందుకు వచ్చింది. ముసలి ఎలుకల్లో మైలిన్ తయారీకి పనికిరాకుండా పోయిన మూలకణాలను మెట్‌ఫార్మిన్ మళ్లీ పనిలోకి దించినట్టు 2019లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు చూపారు. షుగరు జబ్బుకు ఇంటింటా కనిపించే ఆ మాత్రనే బ్రిటన్‌లో ఆక్టోపస్ అనే ప్రయోగంలో పరీక్షిస్తున్నారు. ఒకే ప్లసీబో జట్టుతో పలు మందులను పోలుస్తూ, పనిచేయని దాన్ని మధ్యలోనే తీసివేసి కొత్తదాన్ని చేర్చగల ఈ ప్రయోగ పద్ధతి, నిధులు తక్కువగా ఉన్న దేశాలకు మందుకన్నా ఎక్కువగా అనుసరణీయం.

ఇక ఇటువంటి ప్రయోగాల్లో ఈ సీమ రోగుల భాగస్వామ్యం ఎంత అంటే, చెప్పుకోదగినంత లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ జన్యు ముప్పుపై 2019లో వచ్చిన అతిపెద్ద అధ్యయనంలో 47,000 మందికి పైగా రోగులుంటే వారంతా ఐరోపా సంతతివారే. 1961లో మొదలై, జనం ఇప్పటికీ విమ్స్ అని పిలిచే బళ్ళారి ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి బెంగళూరు నిమ్హాన్స్ సుమారు 300 కిలోమీటర్లు, హైదరాబాద్ నిమ్స్ అంతకంటే దూరం. ఆరునెలలకోసారి సూదికి, అదనంగా ప్రయోగం కోసం నెలనెలా పరీక్షలకు అంత దూరం తిరగడం కాళ్లు సరిగా ఆడని మనిషికి చిన్న విషయం కాదు. జాతీయ స్థాయిలో ఎయిమ్స్ కేంద్రంగా ఐ.సి.ఎం.ఆర్. సాయంతో నడుస్తున్న మైలిన్ జబ్బుల రిజిస్ట్రీ పెద్దాసుపత్రుల మెట్లెక్కినవారినే లెక్కించగలదు.

ప్రయోగంలో చేరేవారు ఇవ్వవలసిన సమ్మతి విషయంలో తెలుగు నేలకు ఒక చేదు అనుభవం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసినట్టు బయటపడి, 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని, ప్రయోగం వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని నిర్దేశిస్తున్నాయి. బళ్ళారిలో ఈ భాష అన్న నిబంధన కాగితం మీద కనిపించినంత సులువు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తర్వాతి తరాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకున్నవారు కోకొల్లలు. అలాంటి రోగికి తెలుగు పత్రం ఇస్తే చదవలేడు, కన్నడ పత్రం చదవగలిగినా ప్లసీబో జట్టులో పడే అవకాశం సగం ఉందన్న మాటను తెలుగులో నోటితో విడమరిచి చెబితేనే గ్రహిస్తాడు. ఏ మందును ఎక్కడ, ఎంతమందిపై పరీక్షిస్తున్నారో 2009 జూన్ నుంచి తప్పనిసరిగా నమోదయ్యే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చేరదలచిన రోగి సంతకానికి ముందు అక్కడి నమోదు సంఖ్యను అడగడం, ప్రయోగం ముగిశాక ఆ మందు తనకు అందుతుందా లేదా అని రాతపూర్వకంగా తెలుసుకోవడం అతని హక్కు.